కుడి దిక్కు పంపు లేదు

కరోనా రెండో దఫా వచ్చి పోయిన మరుసటేడు సంగతి ఇది. నేను గోదావరిఖనిల బొగ్గుగనుల కంపెనీ దవాఖానల స్టాఫ్ నర్సును. మా నాయిన ఇదే కంపెనీల బొగ్గు నింపిండు. నేను ఇదే దవాఖానల పుట్టిన, ఇక్కడనే సూదులు ఏయించుకున్న, ఇరవై ఏండ్ల పైనుంచి ఇక్కడనే ఏస్తున్న. కాలనీల అందరు నన్ను సిస్టరమ్మ అంటరు. నోరు జర పెద్దదని గూడ అంటరు గని, ఆ మాట నా ముంగట అనరు. నర్సు పనంటె సూది, పట్టీ, గ్లూకోజు సీసా అనుకునేటోళ్లు ఇంక ఉన్నరు. వాళ్లకు ఓదెలన్న కేసు ఒకసారి చెప్పాలని ఎన్నాళ్లనుంచో ఉన్నది.

ఓదెలుది కమాన్‌పూర్ దిక్కు. గని లోపట సపోర్టు పని చేసేటోడు. అంటె బొగ్గు తీసిన జాగల పైకప్పు కూలకుండ దిమ్మెలు నిలబెట్టుడు, బోల్టులు దిగ్గొట్టుడు. నలభై అయిదు గూడ నిండని మనిషి, మంచి కష్టజీవి. ఒక వానకాలం ఆయనకు జరం వచ్చింది. జరమైతె పోయింది గని, పోత పోత మనిషిని సగం తీసుకపోయింది. నాలుగు మెట్లెక్కితె ఆయాసం, పండుకుంటె ఊపిరాడక లేచి కూసునుడు, కాళ్లు బూరెల లెక్క ఉబ్బుడు. హైదరాబాదుకు పంపితె, వైరసు గుండె కండను దెబ్బ తీసిందని, గుండె సాగి సంచి లెక్క అయిందని చెప్పిన్రు.

ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని ఒక అంకె ఉంటది. గుండె ఎడమ దిక్కు కింది గది నిండినప్పుడు, అండ్ల ఎంత రక్తాన్ని బయటికి తోస్తున్నదో అది చెప్తది. బాగున్న గుండె సగానికి పైనే తోస్తది. ఓదెలన్న గుండె ఆరో వంతు తోసుడు గూడ కష్టమైంది. మందులకు లొంగలే. గుండె మార్పిడి వరుసల పేరు పెట్టి, అప్పటిదాక మనిషిని నిలబెట్టేటందుకు ఎల్‌వ్యాడ్ పెట్టిన్రు. లెఫ్ట్ వెంట్రిక్యులర్ అసిస్ట్ డివైస్ అంటె పేరు పెద్దది గని పని సాదాది. అరచేతిల పట్టేంత పంపును గుండె ఎడమ కింది గది కొసకు బిగిస్తరు. గదిలకెల్లి రక్తం గుంజి పెద్ద ధమనిలకు తోస్తది. దానికెల్లి ఒక వైరు పొట్ట పక్కనుంచి బయటికొస్తది, దాన్ని డ్రైవ్‌లైన్ అంటరు. వైరు కొసకు కంట్రోలర్ అనే చిన్న డబ్బా నడుము బెల్టుకు, బ్యాటరీలు రెండు చంకల కింద. పండుకునేటప్పుడు గోడ ప్లగ్గుకు పెట్టుకోవాలె.

ఒక సంగతి ఇక్కడనే చెప్పాలె. పంపు పెట్టిన్రంటె అసలు గుండె తీసేసిన్రని చాన మంది అనుకుంటరు. తియ్యరు. అది దాని జాగల అది ఉంటది, దానికి చేతనైనంత కొట్టుకుంటనే ఉంటది. పంపు దాని బరువు మోస్తది, అంతే.

హైదరాబాదుల నాకు, ఇంకో సిస్టర్‌కు ఈ మిషను మీద శిక్షణ ఇచ్చి పంపిన్రు. ఆయన మొదటిసారి మా దవాఖానకు వచ్చిననాడు వార్డుల ఉన్న ఆయాలు, వార్డుబాయ్‌లు అందరు తలుపుకాడ జమైన్రు. నేను స్టెతస్కోపు పెట్టిన. లబ్ డబ్ లేదు, పక్కింట్ల మిక్సీ నడిచినట్టు సన్నగ గుయ్యిమని చప్పుడు. చెయ్యి పట్టుకుంటె నాడి లేదు. పంపు ఆగకుండ ఒకే ధారగ తోస్తున్నప్పుడు నాడి దెబ్బ ఎక్కడిది? మామూలు బీపీ మిషన్ పనికి రాదు. డాప్లర్ అనే చిన్న మిషను చేతికి ఆనించి రక్తం పారే చప్పుడు వినుకుంట బీపీ చూడాలె.

"ఏందన్నా, మోటరు పెట్టించుకొని వచ్చినవ్?" అన్న.

"అవు సిస్టరమ్మ. త్రీ ఫేజు కరెంటు గావాల్నంటాన్రు, కంపెనీకి అర్జీ పెట్టాలె," అన్నడు. తలుపుకాడ ఉన్నోళ్లంత నవ్విన్రు. ఆనాటి నుంచి కాలనీల ఆయన పేరు కరెంటు ఓదెలు అయింది.

ఆయన వెంబడి వచ్చింది బిడ్డ స్వప్న. ఒక్కతే బిడ్డ, డిగ్రీ ఆఖరు ఏడు చదువుతున్నది. పంపు పెట్టినోళ్ల ఇంట్ల ఒకరు దాని పని మొత్తం నేర్చుకోవాలె. బ్యాటరీలు మార్చుడు, అలారం మోగితె ఏం చెయ్యాల్నో, డ్రైవ్‌లైన్ బయటికొచ్చిన జాగల చీము పట్టకుండ పట్టీ కట్టుడు. తల్లి లచ్చమ్మనేమో "నేను ముట్ట, షాకు కొడితె?" అని మంచం దగ్గరికి గూడ రాకపోయేది. అందుకని పిల్ల కాలేజి బంద్ పెట్టి అన్నీ నేర్చుకున్నది. చేతులు కడుక్కునే తీరు చూసి, మా కొత్త సిస్టర్లకు ఆమెను చూపెట్టి సిగ్గు తెచ్చుకోరి అని తిట్టిన.

వారం వారం వచ్చేటోళ్లు. నేను పట్టీ చూసేది, రక్తం తీసేది. పంపుల రక్తం గడ్డ కట్టొద్దని పలుచ చేసే గోలి ఒకటి ఇస్తరు. అది ఎక్కువైతె రక్తం కారుతది, తక్కువైతె పంపుల గడ్డ పడ్తది. అందుకని ఐఎన్ఆర్ అనే పరీక్ష మాటిమాటికి చెయ్యాలె. ఇది గాక గుండె గోలీలు వేరే. గుండె వేగం తగ్గించేటిది ఒకటి, బీపీ దించేటిది ఒకటి, ఒంట్లె నీరు తీసేటిది ఒకటి.

"పంపే అన్నీ చేస్తాంది గద, ఇన్ని గోలీలెందుకు?" అని ఓదెలన్న ఒకసారి అడిగిండు.

"ఎద్దు బక్కగైతె మెడ మీది కాడి దించుతవ్. ఉత్తగ దించితె సాలుతదా, కుడితి గూడ పోస్తవా లేదా? పంపు కాడి దించింది. గోలీలు కుడితి," అన్న.

"గట్లనా," అని నవ్విండు. మాట ఆయనకు మంచిగ ఎక్కిందనుకున్న.

కంట్రోలర్ మీద నాలుగు అంకెలు కనపడ్తయి. పంపు తిరిగే వేగం, రక్తం ధార, తాగే కరెంటు, నాలుగోది పీఐ. పల్సటిలిటీ ఇండెక్స్ అంటరు. పంపు తోసే ఒకే ధారల సొంత గుండె ఎంత అలజడి చేస్తున్నదో ఆ అంకె చెప్తది. గుండె మొద్దుగ పడి ఉంటె తక్కువ, కొట్టుకులాడితె ఎక్కువ. ఒంట్లె నీళ్లు తగ్గినా అది పడిపోతది, అందుకని దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. ఓదెలన్నకు అది మెల్లమెల్లగ పైకి వస్తున్నది. మనిషి మొకంల రంగు వచ్చింది. కాలనీ రోడ్డు మీద చౌరస్తా దాక నడిచి చాయ తాగి వస్తున్నడు.

చలి పోతున్న దినాలల్ల ఒకనాడు పట్టీ మార్చినంక అలవాటుగ చెయ్యి పట్టుకున్న. వేళ్ల కింద ఏదో తగిలింది. "కదలకు!" అని ఒర్రిన. పాపం, బెదిరిపోయిండు. కండ్లు మూసుకొని మళ్ల పట్టుకున్న. సన్నగ, దూరంల ఎవలో తలుపు తట్టినట్టు నాడి. స్వప్న చెయ్యి గుంజి అదే జాగల పెట్టిన. పిల్ల ఊపిరి బిగబట్టి కూసున్నది, తర్వాత ఒకటే ఏడుపు. "బాపు, నీ గుండె. ఇది నీ గుండెనే," అంటది.

నాడి రావుడంటె మాటలు గాదు. బరువు దిగిన గుండె అలుపు తీర్చుకొని, తన కవాటం తాను తెరిచి, తన రక్తం తాను తోస్తున్నదన్నట్టు. అందరికీ రాదిది. గుండె నెత్తురునాళం మూసుకపోయి దెబ్బతిన్నోళ్లకు చాన తక్కువ. ఓదెలన్న లెక్క జరం తోటి పాడైనోళ్లల్ల కొందరికి వస్తది. హైదరాబాదుల ఎకో చేసి పెద్ద డాక్టరు గూడ అదే చెప్పిండట. సాగిన గది చిన్నగైంది, గిట్లనే ఇంకొన్ని నెలలు పోతె పంపు తీసేసే సంగతి ఆలోచిస్తమని. తీసే ముందర టర్న్‌డౌన్ అనే పరీక్ష చేస్తరు. పంపు వేగం మెల్లమెల్లగ తగ్గించుకుంట, గుండె ఒక్కటే నిలబడతదా లేదా అని చూసుడు.

ఆ మాట స్వప్న నాకు చెప్తుంటె ఎగిరినంత పని చేసింది. ఓదెలన్న మాత్రం కిటికీ దిక్కు చూస్తున్నడు.

"ఏందన్నా, సంతోషం లేదా?"

"సపోర్టు పెట్టేటప్పుడు ఎవడు సావడు సిస్టరమ్మ. తీసేటప్పుడే పైకప్పు మీద పడ్తది," అన్నడు.

భయమనుకున్న. ఆపరేషన్ అంటె ఎవలకు ఉండది? "ఫికర్ చెయ్యకు, ఒక్కసారే గుంజి పారెయ్యరు, అన్నీ చూసే తీస్తరు," అని ధైర్యం చెప్పి పంపిన.

ఎండకాలం వచ్చింది. మా దగ్గరి ఎండ సంగతి తెలిసినోళ్లకు చెప్పేది లేదు. ఒకవారం చూస్తె పీఐ తగ్గింది. నీళ్లు తాగుత లేడని గట్టిగ కోప్పడ్డ. వింటున్నట్టే తల ఊపిండు. మళ్లవారం వచ్చినప్పుడు నాడి కోసం పట్టుకుంటె దొరకలే. ఇటు అటు జరిపిన, రెండో చెయ్యి పట్టిన. లేదు. డాప్లర్ పెడితె బీపీ ఎక్కువున్నది. బరువు చూస్తె పెరిగింది. నీళ్లు తక్కువైన మనిషి బరువెట్ల పెరుగుతడు? చీలమండ మీద బొటనవేలు ఒత్తి తీసిన. గుంట పడ్డది, పడ్డ గుంట అట్లనే ఉన్నది.

ఈసీజీ తీసిన. గుండె ఉరుకుతున్నది. వేగం తగ్గించే గోలి మింగే మనిషి గుండె, ఊరికెనే కూసున్నప్పుడు అట్ల ఉరకొద్దు. పోనీ గోలీలన్ని మరిచిండా అంటె, ఐఎన్ఆర్ చూస్తె సక్కగున్నది. రక్తం పలుచ చేసే గోలి టైముకు మింగుతున్నడు. అంటె ఒకటి మింగుతున్నడు, తక్కినయి మింగుత లేడు. మరుపు గిట్ల ఏరుకొని మరువది.

అప్పుడు నాకు తట్టింది. బయటోళ్లకు తట్టది గని, మా దవాఖానల పనిచేసే ఎవలకైన తడ్తది. మా దగ్గర కార్మికుడు పనికి రాడని మెడికల్ బోర్డు రాస్తె, ఆయన నౌకరి ఇంట్ల ఒకరికి వస్తది. ముందుగాల కొడుకులకే ఉండె, ఇప్పుడు బిడ్డలకు గూడ ఇస్తున్రు. ఈ నేల మీద దానికంటె పెద్ద ఆస్తి లేదు. అందుకని బోర్డు పిలుపు రాంగనే కొందరు గోలీలు బంద్ పెడ్తరు. బీపీ పెంచుకొని వచ్చినోళ్లను చూసిన. శెక్కర బుక్కుకుంట వచ్చినోళ్లను చూసిన. తిట్టిన, కొట్టబోయిన, ఏడ్చిన. చాయ హోటళ్ల కాడ ఇవన్నీ ఒకరికొకరు నేర్పుకుంటరు. గని ఛాతిల పంపు పెట్టుకున్న మనిషి ఈ పని చేస్తడని కలల గూడ అనుకోలే.

స్వప్నను మందుల కౌంటరుకు పంపి, డ్రెస్సింగ్ రూం తలుపు దగ్గరికేసిన.

"ఓదెలన్నా, గుండె గోలీలు ఎప్పటిసంది బంద్ పెట్టినవ్?"

"ఎవలు జెప్పిన్రు? రోజు మింగుతాన. స్వప్ననే సేతిల పోత్తది. రక్తపరీక్ష మంచిగనే ఉన్నది గద."

"పరీక్ష ఉన్న గోలి మింగుతున్నవ్. పరీక్ష లేని గోలీల సంగతి అడుగుతున్న. నేను ఈ దవాఖానకు నిన్నగాక మొన్న రాలే అన్నా."

తల దించుకున్నడు. "నోట్ల పెట్టుకొని మోరికాడికి పోయి ఉమ్మేత్తాన," అన్నడు.

"ఎందుకు?"

"నాకు బాగైతాంది సిస్టరమ్మ. గందుకే."

ఇంత ఉద్యోగంల నేను ఇట్లాంటి జవాబు వినలే. కుర్చీ గుంజుకొని కూసున్న. ఆయన చెప్పుకుంట పోయిండు. బోర్డు పిలుపు వచ్చిందట. పంపు ఉంటె పనికి రాడని రాస్తరు, గుండె బాగై పంపు తీసేస్తె సర్ఫేస్ మీద, అంటె గని పైన ఏదో ఒక పనిల ఏసి ఫిట్టు అంటరు, ఇగ పిల్లకు నౌకరి ఉండదని తోటి పనోళ్లు చెప్పిన్రట. ఆ మాట ఎంత నిజమో నాకు గూడ తెల్వదు. బోర్డు మాట బోర్డుదే. ఆయన మాత్రం నమ్మిండు.

"నా బ్యాటరీలు మార్సుకుంట దాని సదువు ఆగింది. దోస్తులంత పరీక్షలు రాసి పోయిన్రు. ఇది నా పట్టీలు కట్టుకుంట కూసున్నది. దానికి నేనేం ఇయ్యగల్గుత సిస్టరమ్మ? గా నౌకరొక్కటే. అయిన నేనేం సచ్చిపోత లేను గద. గుండె బాగు గాకున్నా పంపు నడిపిత్తది," అన్నడు.

ఆయన లెక్క అది. గుండె ఎట్లన్న పోనీ, పంపు ఉన్నది. నాకు కోపం వచ్చింది, ఏడుపు గూడ వచ్చింది. నాకు రెండు ఒక్కసారే వస్తయి, అప్పుడు నోరు ఆగది.

"పంపు ఏ దిక్కు పెట్టిన్రు నీకు?"

"ఎడమ దిక్కు."

"మరి కుడి దిక్కు? కుడి దిక్కు పంపు లేదన్నా. ఒళ్లంత తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు తోసేది కుడి దిక్కు గది. అది తోస్తేనే రక్తం ఎడమ దిక్కుకు వస్తది, అక్కడికి వస్తేనే నీ పంపు గుంజుతది. కుడిదానికి ఆసరా అది కొట్టుకునుడు, నువ్వు మింగే గోలీలు, అంతే. నువ్వు గోలీలు మోరిల ఉమ్మేస్తె అది అలిసిపోతున్నది. చూడు ఈ కాళ్లు. మెడ నరాలు చూసుకున్నవా అద్దంల? పొట్ట కుడి పక్కన బరువుగ లేదా? అన్నం తినబుద్ధి అయితుందా?"

"అయిత లేదు," అన్నడు మెల్లగ.

"కుడి దిక్కు ఆగిందనుకో, నీ పంపు నీళ్లు లేని బాయిల మోటరే. ఎంత తిరిగినా ఏం గుంజది."

మొకం తెల్లబడ్డది. ఆయన నిజంగ తెలువక చేసిండని నాకు అప్పుడే అర్థమైంది. హైదరాబాదుల చెప్పే ఉంటరు. కత్తి కింద పండుకొని లేచిన మనిషి అన్నీ ఎక్కడ గుర్తు పెట్టుకుంటడు?

"అయితె సస్తనా?"

"గిట్లనే చేస్తె సస్తవ్."

నా దిక్కు చూడకుండ, "గట్లయిన పిల్లకు నౌకరి వస్తది గద," అన్నడు.

నౌకరిల ఉండంగ చనిపోయినోళ్ల ఇంట్ల గూడ నౌకరి ఇస్తరు మరి. ఆ లెక్క గూడ చేసి పెట్టుకున్నడు. మా నాయిన యాదికొచ్చిండు. రెక్కలు పడిపోయినా బోర్డుకు పోకుండ, నా నర్సింగు చదువు అయ్యేదాక డ్యూటీకి పోయిండు. ఈ నేల మీద తండ్రులు పిల్లలకు తమ ఒళ్లే రాసిస్తరు, వేరే ఏముంది రాసియ్యనీకె?

స్వప్న మందుల కవరు పట్టుకొని లోపటికి వచ్చింది. ఓదెలన్న రెండు చేతులు జోడించి, చెప్పొద్దని కండ్లతోనే మొక్కిండు. నాకు జాలి లేక గాదు. గని ఆయన పానం చూసుకునేది ఆ పిల్ల, ఆమెకు తెలువకుండ ఎట్ల నడుస్తది?

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్న.

చెప్పిండు. మోరి సంగతి, బోర్డు సంగతి, అన్ని. పిల్ల ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. కవరు బల్ల మీద పెట్టింది.

"నా చేతులకెల్లే గద బాపు తీసుకున్నవ్ రోజూ. నీళ్ల గిలాస గూడ నేనే ఇస్తి," అన్నది.

"నీ కోసమే బిడ్డా..."

"నేను కాలేజి బంద్ పెట్టింది నీ నౌకరి కోసమా? నువ్వు ఉండాలని పెట్టిన. మల్లేడు రాసుకుంట పరీక్ష, ఏం మునిగిపోయింది? నువ్వు పోయినంక ఆ నౌకరికి నేను రోజు ఏ కాళ్లతోటి నడిచిపోవాలె, చెప్పు?" అన్నది. అప్పుడు ఏడ్చింది. ఓదెలన్న ఆమె కొంగు పట్టుకొని చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. నేను ఏదో పనున్నట్టు ట్రే సదురుకుంట నిలబడ్డ. నాకు గూడ ఆగలే.

ఏడుపు పని ఏడుపుది, నా పని నాది. మా డ్యూటీ డాక్టరుకు చెప్పిన. జ్యోతినగర్‌ల ఉంటడు, కోస్తా దిక్కు నుంచి వచ్చిన మెత్తటి సారు. మొత్తం విని, "ఎంత పని చేశావయ్యా ఓదెలూ," అని ఒక్క మాటనే అన్నడు. స్వప్న కవరుల గోలీలు తీసి అక్కడనే మింగించబోయింది. నేను ఆపిన. ఇన్ని దినాలు బంద్ చేసి, గుండె ఉబ్బి ఉన్నప్పుడు వేగం తగ్గించే గోలిని పాత మోతాదుల ఒక్కసారే ఇస్తె అది ఇంక కుంగిపోతది. సారు హైదరాబాదోళ్లతోటి మాట్లాడి, నీరు దిగే సూది ఇప్పించి, అంబులెన్సు ఎక్కించిండు. స్వప్న అదనపు బ్యాటరీలు ఒళ్లె పెట్టుకొని తండ్రి పక్కన కూసున్నది. తండ్రి చెయ్యి మాత్రం ఇడవలే.

అక్కడ కుడి దిక్కుకు బలమిచ్చే మందు నరానికి ఎక్కించిన్రు, నీరు తీసిన్రు, గోలీలు కొంచెం కొంచెంగ మొదలు పెట్టిన్రు. బతికి వచ్చిండు. వచ్చినంక మా వార్డుల ఒక వింత మొదలైంది. పట్టీ మార్చే టైముల గోలి టైము అయితె, స్వప్న చేతిల పోస్తది, నీళ్లిస్తది, తర్వాత "నోరు తెరువు" అంటది. తెరుస్తడు. "నాలిక లేపు." లేపుతడు. గనిల దిగే ముందర బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నయా అని అందరి జేబులు తడిమి చూస్తరు. ఇన్నేండ్లు ఆ తనిఖీకి చేతులెత్తి నిలబడ్డ మనిషి ఇప్పుడు బిడ్డ ముంగట నోరు తెరుచుకొని నిలబడుతున్నడు. "గని మీద గింత సతాయించలే సిస్టరమ్మ," అని నాకు ఫిర్యాదు గూడ చేసిండు.

"మంచిగైంది," అన్న.

బోర్డు తారీకు జర వెనుకకు జరిగింది. ఈలోపల టర్న్‌డౌన్ పరీక్షకు పిలిచిన్రు. పోయేటప్పుడు ఆయన చెయ్యి నా ముంగట పెట్టి, ఉన్నదా అని అడిగిండు. ఏ పొద్దు అడగని మనిషి. పట్టుకున్న. కొద్దిగ తగిలీ తగలనట్టు ఉన్నది. "ఉన్నదన్నా," అన్న. మొకం ఎట్ల వెలిగిందో నేను మరువ.

పరీక్షల పంపు వేగం తగ్గిస్తుంటె కొంతదాక గుండె ఓర్చుకున్నదట. ఇంక తగ్గించంగనే ఆయాసం, కుడి దిక్కు ఉబ్బుడు. ఇప్పట్ల పంపు తియ్యొద్దు, ఉండాల్సిందే అన్నరు. గోలీలు బంద్ పెట్టుడు వల్లనే గిట్లయిందా అని స్వప్న అడిగిందట. అవునని చెప్పలేం, కాదని చెప్పలేం అన్నడట డాక్టరు. నేనైన అంతకన్న ఎక్కువ చెప్పలేను.

వాపస్ వచ్చినంక నా దగ్గరికి వచ్చి కూసున్నడు. నేను పట్టీ కట్టుకుంట, "పంపు ఉంటె అన్‌ఫిట్ ఖాయమే. నువ్వు కోరుకున్నదే ఆయె గద," అన్న. ఓదార్చుదామనే అన్న. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"నాకు బాగైతదని ఆశ పడ్డ సిస్టరమ్మ. అక్కడ మంచం మీద పండుకొని, మోటరు తగ్గిత్తాంటె, నా గుండె నడువాలె నడువాలె అని ఎంత మొక్కిన్నో. పిల్ల నౌకరి గూడ యాదికి రాలే," అన్నడు. అని, ఏదో తప్పు చేసినట్టు తల దించుకున్నడు.

"అది తప్పు గాదు. బతుకు మీద ఆశ పడుడు తప్పెట్ల అయితది?" అన్న. ఆయన భుజం మీద చెయ్యి ఏసి చాన సేపు అట్లనే నిలబడ్డ.

బోర్డు అన్‌ఫిట్ రాసింది. స్వప్న ముందుగాల ఒద్దన్నది. కొన్ని దినాలు తండ్రితోటి మాట్లాడలే. తర్వాత, ఇంట్ల పొయ్యి ఎలుగాలె, బాపు గోలీలు ఆగొద్దు అని తానే సంతకం పెట్టింది. గని పైన ల్యాంపురూంల ఏసిన్రు. కార్మికులు నెత్తికి పెట్టుకునే దీపాల బ్యాటరీలు ఛార్జింగు పెట్టే జాగ అది. "ఇంట్ల బ్యాటరీలే, డ్యూటీల బ్యాటరీలే, నా పెండ్లి గూడ బ్యాటరీతోనే చేస్తరు," అని నవ్వింది. ఆగిన పరీక్షలకు ఫీజు కట్టింది. షాకు కొడతదని భయపడ్డ లచ్చమ్మ ఇప్పుడు బిడ్డ డ్యూటీకి పోంగనే బ్యాటరీలు మారుస్తది. మార్చేముందర ఒకసారి ఏసుప్రభువుకు, ఒకసారి కొమురెల్లి మల్లన్నకు మొక్కుతది. ఎవలకు మొక్కితె ఏంది, చేతులు కడుక్కుంటె చాలన్న నేను.

మొన్న పట్టీకి వచ్చినప్పుడు ఓదెలన్న మళ్ల చెయ్యి చాపిండు. పట్టుకున్న. ఉన్నది. అబద్ధం గాదు, వేళ్ల కింద సన్నగ తగిలింది.

"ఉన్నదన్నా," అన్న.

"మెల్లగ జెప్పు సిస్టరమ్మ, బోర్డోళ్లు ఇంటరు," అని నవ్విండు. నవ్వి, చెయ్యి వెనుకకు తీసుకోలే. ఇంకొంచెం సేపు పట్టుకొమ్మన్నట్టు అట్లనే ఉంచిండు. పట్టుకున్న.

ఈ కేసు తర్వాత నా పనిల ఒకటి మారింది. గోలీలు సక్కగ మింగుతున్నవా అని ఎవలనూ ముందుగాల అడుగ. అడిగితె అందరు మింగుతున్నమనే అంటరు. ఇప్పుడు కుర్చీ గుంజుకొని కూసుంట, చెయ్యి పట్టుకుంట, ఇంట్ల ఎవలెవలున్నరు, ఎవలకు నౌకరి గావాలె అని అడుగుత. చెప్పేటప్పుడు వాళ్ల మొకం చూస్త. గోలీల సంగతి అక్కడనే తెలుస్తది.